నాలుగు కోతల సగటు: కంప్యూటర్ అనుకరణల ద్వారా ప్రాథమిక గణాంకశాస్త్ర బోధన

సార్వా వరి కోతకు వచ్చిన రోజులలో గోదావరి డెల్టా గ్రామాలలో పంట కోత ప్రయోగాలు మొదలవుతాయి. ఎంపికైన చేనిలో నైరుతి మూల నుంచి, ముందుగా కేటాయించిన రెండు యాదృచ్ఛిక సంఖ్యల మేరకు, పొడవు వెంట కొన్ని అడుగులు, వెడల్పు వెంట కొన్ని అడుగులు నడిచి మేకు పాతుతారు. అక్కడి నుంచి అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు గల చదరాన్ని తాడుతో గుర్తిస్తారు. అందులోని వరిని కోసి, నూర్చి, ధాన్యాన్ని తూకం వేస్తారు. ఆ తూకం ఒక రైతు చేనికి సంబంధించిన అంకె మాత్రమే కాదు. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన మార్గదర్శకాల ప్రకారం ప్రధాన పంటకు గ్రామాన్ని బీమా యూనిట్‌గా తీసుకున్నచోట కనీసం 4 కోత ప్రయోగాలు జరగాలి. వాటి సగటు హామీ దిగుబడి కంటే తగ్గితే ఆ గ్రామంలో బీమా చేసిన రైతులందరికీ పరిహారం వర్తిస్తుంది. తగ్గకపోతే ఆ సగటు ఆధారంగా ఎవరికీ వర్తించదు.

ఇక్కడ ఒక సహజమైన సందేహం కలుగుతుంది. మేకులు మరో నాలుగు చోట్ల పాతి ఉంటే సగటు ఎంత వచ్చేది? తేడా ఎంత ఉండేది? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పే శాస్త్రమే గణాంకశాస్త్రం. వ్యవసాయ, ఉద్యాన పట్టభద్ర విద్యార్థులందరూ దాని ప్రాథమిక పాఠాలు చదువుతారు. సగటు యొక్క ప్రామాణిక దోషం కట్టే సూత్రం పరీక్షలో తప్పు లేకుండా రాస్తారు. అయినా విస్తరణ శాస్త్రవేత్తగా గ్రామానికి వెళ్లిన రోజున, 'మా ఊరి లెక్క నాలుగు మడులతో తేలుతుందా అండీ?' అని రైతు అడిగితే ఆ సూత్రం నోటికి రాదు. సూత్రానికీ చేనుకూ మధ్య ఉన్న ఈ ఎడమను తగ్గించే సాధనంగా కంప్యూటర్ అనుకరణలను ఎలా వినియోగించవచ్చో ఈ వ్యాసం వివరిస్తుంది.

సూత్రం తెలిసినా భావం అందని చోటు

ప్రాథమిక గణాంకశాస్త్రంలో విద్యార్థి తడబడే స్థలం సాధారణంగా ఒక్కటే. సగటు, మధ్యగతం, క్రమ విచలనం అన్నవి చేతిలో ఉన్న అంకెలకు సంబంధించినవి. వాటిని కళ్లతో చూడవచ్చు. ప్రతిచయన విభాజనం దగ్గరకు వచ్చేసరికి పాఠం స్వభావమే మారిపోతుంది. అది సేకరించిన నమూనాకు సంబంధించినది కాదు. సేకరించి ఉండగలిగి, సేకరించని నమూనాలన్నిటికీ సంబంధించినది. విద్యార్థి చేతిలో ఉన్నది ఒకే ఒక నమూనా. తాను చూడని వేల నమూనాల సగటులు ఎలా పరుచుకుంటాయో ఊహించమని పాఠ్యపుస్తకం కోరుతుంది.

అందువల్ల మూడు వేర్వేరు విషయాలు మనసులో ఒకటిగా కలిసిపోతాయి. ఊరి మడులన్నిటి దిగుబడులు ఎలా పరుచుకున్నాయన్నది మొదటిది. కోసిన నాలుగు మడుల దిగుబడులు ఎలా ఉన్నాయన్నది రెండవది. నాలుగేసి మడుల సగటులు ఎలా పరుచుకుంటాయన్నది మూడవది. ఈ మూడింటినీ వేరుచేసి చూడగలిగినవానికి విశ్వాస అంతరం, సార్థకతా పరీక్ష, ప్రయోగ రచన అన్నీ ఒకే భావానికి కొమ్మలుగా కనిపిస్తాయి. చూడలేనివానికి అవి విడివిడిగా వల్లెవేయవలసిన సూత్రాలుగా మిగులుతాయి.

అనుకరణ చేసే పని ఈ మూడవ విభాజనాన్ని కంటికి కనిపించేలా చేయడం. కంప్యూటర్‌లో ఒక ఊహాత్మక గ్రామాన్ని నిర్మించి, అందులో నాలుగు కోతలు జరిపి, సగటు తీసి, అదే పనిని వెయ్యిసార్లు చేయించవచ్చు. నిజమైన చేనులో ఒకసారే జరిగే పని తెరపై కొన్ని క్షణాలలో వెయ్యిసార్లు జరుగుతుంది.

మూడు వేల అట్టముక్కలు

ఈ పద్ధతి కంప్యూటర్‌తో పుట్టినది కాదు. డబ్లిన్ నగరంలో గిన్నిస్ మద్య పరిశ్రమలో పనిచేసిన విలియం సీలీ గాసెట్‌కు బార్లీ పంట ప్రయోగాలలో, ప్రయోగశాల పరీక్షలలో చిన్న నమూనాలతోనే నిర్ణయాలు తీసుకోవలసి వచ్చేది. అప్పటి సిద్ధాంతం పెద్ద నమూనాలకే సరిపోయేది. నాలుగు పరిశీలనలతో కట్టిన సగటును ఎంతవరకు నమ్మవచ్చునన్నది ఆయన ప్రశ్న.

గణితం ద్వారా సమాధానం సాధించకముందే ఆయన దానిని ఒక ప్రయోగం ద్వారా కనుగొనడానికి ప్రయత్నించారు. అంతకుముందే ప్రచురితమైన 3000 మంది ఖైదీల శరీర కొలతలను, అంటే ఎత్తును, ఎడమచేతి మధ్యవేలి పొడవును, అట్టముక్కలపై రాయించారు. ఆ ముక్కలను బాగా కలిపి, వరుసగా నాలుగేసి చొప్పున తీశారు. 750 నమూనాలు వచ్చాయి. ప్రతి నమూనాకు సగటు, క్రమ విచలనం కట్టి, వాటి పరుపును తన సిద్ధాంతంతో పోల్చారు. 1908లో 'స్టూడెంట్' అనే కలం పేరుతో బయోమెట్రికా పత్రికలో వెలువడిన ఆ వ్యాసమే నేటి టి-పరీక్షకు పునాది.

గాసెట్ నమూనా పరిమాణం నాలుగు. గ్రామంలో జరగవలసిన కనీస కోతల సంఖ్య కూడా నాలుగే. టి-పట్టికలో స్వతంత్ర పరిమితుల సంఖ్య 3 ఎదురుగా ఉన్న 3.182 అనే అంకెను గుర్తుపెట్టుకోవడానికి విద్యార్థికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు. చేతితో అట్టముక్కలు కలిపి గాసెట్ చేసిన పనిని నేటి విద్యార్థి స్ప్రెడ్‌షీట్‌లో ఒక ప్రాక్టికల్ తరగతి వ్యవధిలో చేయగలడు.

చింతపిక్కల నుంచి తెర వరకు

తరగతిని నేరుగా కంప్యూటర్‌తో ప్రారంభించడం మంచిది కాదు. యంత్రం చేసే పని ఏమిటో ముందు చేతికి తెలియాలి. ఇందుకు అష్టాచెమ్మా ఆట చక్కగా ఉపయోగపడుతుంది. నాలుగు గవ్వలు గాని, ఒకవైపు అరగదీసిన నాలుగు చింతపిక్కలు గాని ఉంటే చాలు. నాలుగూ వెల్లకిలా పడడం గాని, నాలుగూ బోర్లా పడడం గాని అరుదని ఆ ఆట ఆడిన పిల్లలందరికీ తెలుసు. ఎంత అరుదో ఎవరూ లెక్క కట్టి ఉండరు.

ఒక్కొక్క పిక్క వెల్లకిలా పడే సంభావ్యత సగమైతే, నాలుగూ ఒకే తీరుగా పడే సంభావ్యత పదహారింటిలో రెండు, అంటే ఎనిమిదింటిలో ఒకటి. తరగతిలో 40 మంది ఉండి ఒక్కొక్కరు 20 సార్లు వేస్తే మొత్తం 800 పందేలు. వాటిలో సుమారు 100 పందేలు అలా పడాలి. ఫలితాలను నల్లబల్లపై సోపాన చిత్రంగా గీస్తే, ఒక్కొక్కరి 20 పందేల ఫలితం ఎంత ఒడిదుడుకులతో ఉంటుందో, తరగతి మొత్తం ఫలితం ఎంత నిలకడగా ఉంటుందో పక్కపక్కనే కనిపిస్తాయి. గవ్వలు వాడితే మరో పాఠం అదనంగా లభిస్తుంది. గవ్వ రెండు వైపులా ఒకే ఆకారంలో ఉండదు కనుక సగం అనే ఊహ సరికాకపోవచ్చు. సంభావ్యతను ఊహించుకోకుండా, వేసి చూసి అంచనా కట్టాలన్న విషయం అక్కడే బోధపడుతుంది.

చేతితో ఇరవై పందేలు వేసిన తరువాతే తెర ముందుకు వెళ్లాలి. అప్పుడు 'వెయ్యిసార్లు' అన్న మీట నొక్కినపుడు లోపల ఏమి జరుగుతున్నదో విద్యార్థికి అనుభవపూర్వకంగా తెలిసి ఉంటుంది.

ఊహాత్మక గ్రామం, వెయ్యి సగటులు

ఇప్పుడు ఒక గ్రామాన్ని ఊహించాలి. ఇందులోని అంకెలు బోధన కోసం ఎంచుకున్నవి. 25 చదరపు మీటర్ల కోతకు గ్రామ సగటు 15 కిలోల ధాన్యం అనుకుందాం. ఇది హెక్టారుకు 60 క్వింటాళ్లకు సమానం. చేనుకూ చేనుకూ మధ్య క్రమ విచలనం 3 కిలోలు. హామీ దిగుబడిని గత 7 సంవత్సరాలలో ఉత్తమమైన 5 సంవత్సరాల సగటును పరిహార స్థాయితో గుణించి నిర్ణయిస్తారు. ఆ సగటు 15 కిలోలు, పరిహార స్థాయి 90 శాతం అనుకుంటే హామీ దిగుబడి 13.5 కిలోలు.

స్ప్రెడ్‌షీట్‌లో ఒక వరుసలోని నాలుగు గడులలో సగటు 15, క్రమ విచలనం 3 గల సామాన్య విభాజనం నుంచి యాదృచ్ఛిక సంఖ్యలను తెప్పించాలి. 'ర్యాండ్' ప్రమేయాన్ని 'నార్మ్ ఇన్వర్స్' ప్రమేయంలో ఉంచితే ఈ పని జరుగుతుంది. అయిదో గడిలో ఆ నాలుగింటి సగటు కట్టాలి. ఆ వరుసను కిందికి వెయ్యి వరుసల వరకు నకలు చేస్తే వెయ్యి ఊహాత్మక సర్వేలు సిద్ధమవుతాయి. ఎఫ్9 మీట నొక్కిన ప్రతిసారీ కొత్త వెయ్యి సర్వేలు వస్తాయి.

మీట నొక్కే ముందు విద్యార్థి ఒక ప్రశ్నకు నోటు పుస్తకంలో సమాధానం రాయాలి: ఈ గ్రామంలో నష్టమే లేదు, అయినా నాలుగు కోతల సగటు 13.5 కిలోల కంటే తక్కువగా వెయ్యింటిలో ఎన్నిసార్లు వస్తుంది? చాలామంది పది లేదా ఇరవై అని రాయడానికి మొగ్గు చూపవచ్చు. తెరపై వచ్చే అంకె 160కి అటూ ఇటూగా ఉంటుంది. మళ్లీ మళ్లీ నొక్కితే సాధారణంగా 136 నుంచి 182 వరకు మారుతుంది. కారణం సూత్రంలోనే ఉంది. నాలుగు కోతల సగటుకు ప్రామాణిక దోషం 3ను నాలుగు వర్గమూలంతో భాగిస్తే వచ్చే 1.5 కిలోలు. హామీ దిగుబడి అసలు సగటుకు సరిగ్గా ఒక ప్రామాణిక దోషం దూరంలో ఉంది.

తరువాత గ్రామ సగటును 12 కిలోలకు తగ్గించాలి. ఈసారి నిజంగా పంట నష్టం జరిగింది. హామీ దిగుబడికీ అసలు దిగుబడికీ గల తేడాను హామీ దిగుబడితో భాగించి బీమా మొత్తంతో గుణించడం పరిహార సూత్రం. దాని ప్రకారం రైతులకు బీమా మొత్తంలో తొమ్మిదో వంతు రావాలి. కాని వెయ్యి సర్వేలలో సుమారు 160 సర్వేల సగటు 13.5 కిలోలకు పైనే ఉంటుంది. ఆ గ్రామాలకు ఏమీ రాదు. ఎవరూ తప్పు చేయలేదు, మేకులు సరిగానే పాతారు, తూకమూ సరైనదే. నాలుగు అన్న సంఖ్యలోనే ఆ అనిశ్చితి ఉంది.

ఇప్పుడు కోతల సంఖ్యను 16కు పెంచితే ప్రామాణిక దోషం 0.75 కిలోలకు తగ్గుతుంది. తప్పు నిర్ణయాలు వెయ్యింటిలో సుమారు 23కు పడిపోతాయి. శ్రమ నాలుగింతలైతే దోషం సగమవుతుందన్న వర్గమూల నియమం ఈ రెండు సోపాన చిత్రాలను పక్కపక్కన చూసిన విద్యార్థికి ప్రత్యేకంగా వివరించవలసిన అవసరం ఉండదు. ఇదే అనుకరణలో ఇటువంటి వంద గ్రామాలను కలిపి సగటు కడితే అది ఎంతో నిలకడగా ఉంటుంది. జిల్లా సగటు నిలకడగా ఉన్నంత మాత్రాన గ్రామ సగటు కూడా అంత నమ్మదగినదని అనుకోరాదన్న సంగతి ఇక్కడ స్పష్టమవుతుంది. పరిహారం అందేది గ్రామ సగటు ఆధారంగానే కదా.

సగటుకు బదులు మధ్యగతం వాడితే మేలు కలుగుతుందా అని ఎవరైనా అడగవచ్చు. అదీ తెరపై సరిచూడవచ్చు. నాలుగు కోతల మధ్యగతానికి ప్రామాణిక దోషం సుమారు 1.6 కిలోలు వస్తుంది. ఈ సందర్భంలో కల్యంపూడి రాధాకృష్ణారావు గారిని స్మరించడం సముచితం. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాలలో చదువుకుని, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితశాస్త్రంలో పట్టా పొంది, 1941లో కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో చేరిన ఆయన 1945లో ప్రచురించిన వ్యాసంలో ఒక హద్దును నిరూపించారు. ఉన్న దత్తాంశం నుంచి ఎంత నేర్పుగా నిష్పాక్షిక అంచనా కట్టినా దాని విస్తృతి ఒక మేరకంటే తగ్గదన్నది ఆ ఫలితం. క్రామెర్-రావు హద్దుగా అది ప్రపంచమంతటా పాఠ్యాంశం. సామాన్య విభాజనం విషయంలో సగటు ఆ హద్దును సరిగ్గా చేరుకుంటుంది. నాలుగు కోతలలో ఉన్న సమాచారం అంతే. సూత్రం మార్చి దానిని పెంచలేము. నూజివీడు 2022 జిల్లాల పునర్వ్యవస్థీకరణలో ఏలూరు జిల్లాలో చేరిన సంగతి ఈ ప్రాంత విద్యార్థులకు ఆసక్తి కలిగించవచ్చు.

కాలువ ఎగువ, శివారు

సూత్రం మార్చి సమాచారాన్ని పెంచలేకపోయినా, నమూనా ఎంపిక తీరు మార్చి పెంచవచ్చు. డెల్టాలో ప్రతి ఊరికీ కాలువ ఎగువ భూములు, శివారు భూములు అన్న తేడా ఉంటుంది. ఊహాత్మక గ్రామంలో సగం భూమి ఎగువన ఉండి కోతకు 17 కిలోలు, సగం శివారున ఉండి 13 కిలోలు ఇస్తుందనుకుందాం. గ్రామ సగటు ముందువలెనే 15, మొత్తం క్రమ విచలనం 3. ఒక్కొక్క భాగంలో లోపలి క్రమ విచలనం మాత్రం 2.24 కిలోలు.

నాలుగు కోతలనూ ఊరంతటా కలిపి యాదృచ్ఛికంగా ఎంపిక చేస్తే ప్రామాణిక దోషం 1.5. ఎగువన రెండు, శివారున రెండు చొప్పున ఎంపిక చేస్తే అది 1.12కు తగ్గుతుంది. విభజన లేకుండా ఇంత నిలకడ సాధించాలంటే ఏడుకు పైగా కోతలు కావాలి. స్తరిత ప్రతిచయనం వల్ల కలిగే లాభం ఒక అదనపు కోత కూడా లేకుండానే లభించింది.

దీనికి వ్యతిరేకమైన పరిస్థితిని కూడా తెరపై చూపాలి. రోడ్డుకు దగ్గరగా ఉన్నాయని నాలుగు కోతలనూ ఎగువ భూములలోనే జరిపితే సగటులు 17 చుట్టూ చేరతాయి. వాటి పరుపు చిన్నదే. చూడడానికి ఎంతో నిలకడగా ఉంటాయి. కాని అవి అసలు సగటుకు 2 కిలోలు పైన ఉంటాయి. నాలుగుకు బదులు నాలుగు వందల కోతలు జరిపినా ఆ 2 కిలోలు తగ్గవు. నమూనా పెరిగితే తగ్గేది యాదృచ్ఛిక దోషం మాత్రమే. ఎంపికలోని పక్షపాతం తగ్గదు. దాని భారం పడేది శివారు రైతు మీద.

కొల్లేరు పరిసరాలలోని చేపల చెరువులు ఇదే పాఠానికి మరో ఉదాహరణ. అక్కడ రంధ్రాలు చేసిన సంచులలో తవుడు, నూనెచెక్క నింపి గడలకు కట్టి మేతగా వేలాడదీయడం వాడుక. మేతవేళకు చేపలు ఆ సంచుల చుట్టూ చేరతాయి. సగటు బరువు తెలుసుకోవడానికి విసురు వలను అక్కడే వేస్తే, మేత వద్ద ముందుండే పెద్ద చేపలు ఎక్కువగా పడే అవకాశం ఉంది. 3000 చేపల అసలు సగటు బరువు 500 గ్రాములు కాగా వల చూపినది 600 గ్రాములు అనుకుందాం. శరీర బరువులో 2 శాతం చొప్పున మేత లెక్కిస్తే రోజుకు 30 కిలోలకు బదులు 36 కిలోలు వేస్తారు. మిగిలిన మేత నీటిలో కుళ్లుతుంది. వలను మరిన్నిసార్లు అక్కడే వేయడం వల్ల ఈ పొరపాటు సరికాదు. వల వేసే చోట్లు మార్చాలి.

మునిగిన చేలు: సామాన్య విభాజనం పనికిరాని వేళ

కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు తదితర ఏరుల నీరు ఇందులో చేరి ఉప్పుటేరు ద్వారా బంగాళాఖాతానికి వెళ్తుంది. 2002లో ఇది రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేరింది. వచ్చే నీటికి తగినంత వేగంగా ఉప్పుటేరు నీటిని లాగలేని రోజులలో పల్లపు చేలు మునుగుతాయి. మెరక చేలు నిలుస్తాయి. అటువంటి సంవత్సరంలో దిగుబడుల సోపాన చిత్రానికి ఒక గోపురం ఉండదు, రెండు ఉంటాయి. గంట ఆకారపు వక్రరేఖతో చేసిన అనుకరణ ఇక్కడ తప్పుదారి పట్టిస్తుంది.

గ్రామంలో 30 శాతం చేలు పూర్తిగా మునిగి దిగుబడి శూన్యమై, మిగిలిన 70 శాతంలో కోతకు 16 కిలోలు వచ్చాయనుకుందాం. గ్రామ సగటు 11.2 కిలోలు, హామీ దిగుబడి 13.5 కంటే బాగా తక్కువ. నాలుగు కోతలలో ఒక్కటైనా మునిగిన చేనిలో పడితే సగటు 12 కిలోలకు గాని, అంతకు దిగువకు గాని చేరుతుంది. ఒక్కటీ పడకపోతే సగటు 16 కిలోలు. ఒక్కటీ పడకపోయే సంభావ్యత 0.7 యొక్క నాలుగో ఘాతం, అంటే 0.24. ఊరిలో దాదాపు మూడో వంతు పంట నీట మునిగినా నాలుగింటిలో ఇంచుమించు ఒక సర్వే నష్టమే లేదని చెబుతుంది. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలూ ఒకే వైపు పడిన పందెం ఇదే.

ఈ అభ్యాసం నుంచి విద్యార్థి రెండు విషయాలు గ్రహించాలి. అనుకరణ ఎంత ఆకర్షణీయంగా ఉన్నా అది తనకు ఇచ్చిన ఊహలనే తిరిగి చూపుతుంది. ఊహలు చేనుకు సరిపోతాయో లేదో చూడవలసినది మనిషి. ఇక రెండవది, పల్లం, మెరక అన్న తేడా ముందే తెలిసిన ఊరిలో ఆ తేడాను నమూనా ఎంపికలో లెక్కలోకి తీసుకోవడం వల్ల కలిగే ప్రయోజనం కోతల సంఖ్య పెంచడం కంటే ఎక్కువ కావచ్చు.

పేర్లు మార్చి చూసే పరీక్ష

సార్థకతా పరీక్షను బోధించడానికి కూడా ఇదే మార్గం ఉంది. కొబ్బరి తోటలో అంతరపంటగా ఉన్న ఎనిమిది కోకో చెట్లను తీసుకుందాం. చీటీలు వేసి నాలుగింటికి కొత్త ఎరువు మోతాదు ఇచ్చారు. వాటికి 42, 44, 47, 51 కాయలు, మిగిలిన నాలుగింటికి 33, 36, 40, 45 కాయలు వచ్చాయనుకుందాం. సగటుల తేడా 7.5 కాయలు. ఇది ఎరువు ప్రభావమా, చెట్లలో ఉన్న సహజ తేడాయా?

ఎరువుకు ప్రభావమే లేదనుకుంటే ఈ ఎనిమిది అంకెలు ఎలాగూ ఇలాగే వచ్చేవి. చీటీలు మాత్రమే వాటిని రెండు గుంపులుగా విడదీశాయి. ఎనిమిదింటి నుంచి నాలుగింటిని 70 విధాలుగా ఎంపిక చేయవచ్చు. వాటిలో తేడా 7.5 గాని, అంతకు మించి గాని వచ్చే ఎంపికలు మూడే. పెరుగుదలనే చూస్తే సంభావ్యత 4.3 శాతం, పెరుగుదల, తగ్గుదల రెండింటినీ లెక్కిస్తే 8.6 శాతం. 1935లో ప్రచురించిన ప్రయోగ రచనా గ్రంథంలో రోనాల్డ్ ఫిషర్ ఎనిమిది తేనీటి కప్పులతో చెప్పిన తర్కం ఇదే. టి-పట్టిక, ఎఫ్-పట్టిక తెలియని విద్యార్థి సైతం అంకెలను కంప్యూటర్‌లో కలిపి, పంచి, ఎన్నిసార్లు అంత తేడా వస్తుందో లెక్కించగలడు. 5 శాతం గీతకు ఇటు, అటు అన్న తీర్పు ప్రశ్న అడిగిన తీరుపై ఎంతగా ఆధారపడుతుందో కూడా గమనించగలడు.

బహువార్షిక చెట్లపై పరిశోధన జరిగే ఈ ప్రాంతానికి ఈ పాఠం మరింత అవసరం. పెదవేగిలోని భారతీయ ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ, వెంకటరామన్నగూడెంలోని డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయం పనిచేసే పంటలలో ఒక్కొక్క చెట్టు ఎంతో స్థలాన్ని, ఎన్నో సంవత్సరాలను కోరుతుంది. అందువల్ల పునరావృతుల సంఖ్యను ఇష్టానుసారం పెంచడం సాధ్యపడదు. ప్రయోగం నాటకముందే ఎన్ని చెట్లతో ఎంత తేడాను పట్టుకోగలమో అనుకరణ ద్వారా సరిచూసుకుంటే, ఫలించని ప్రయోగానికి సంవత్సరాలు వెచ్చించే ముప్పు తగ్గుతుంది.

ముందు అంచనా, తరువాత మీట

అనుకరణలు వాడినంత మాత్రాన అవగాహన దానంతటదే కలుగుతుందా? కలగదని అమెరికాలో రాబర్ట్ డెల్‌మాస్, జోన్ గార్‌ఫీల్డ్, బెత్ చాన్స్ జరిపిన తరగతి గది పరిశోధన చూపింది. 1999లో వెలువడిన వారి వ్యాసం ప్రకారం, విద్యార్థులకు సాఫ్ట్‌వేర్ ఇచ్చి చూడమన్నపుడు ఆశించినంత ప్రయోజనం కలగలేదు. ఫలితాన్ని ముందుగా ఊహించి, ఆ తరువాత పరీక్షించి, తమ ఊహతో పోల్చుకునే విధంగా అభ్యాసాన్ని మార్చినపుడు మెరుగైన అవగాహన కనిపించింది.

కదిలే బొమ్మను చూస్తున్నపుడు అర్థమైనట్లే అనిపిస్తుంది. ముందుగా ఒక అంకె రాసి సంతకం చేసినవాడు మాత్రమే తన ఊహ తప్పినపుడు ఆగి కారణం వెతుకుతాడు. కనుక ప్రాక్టికల్ నోటు పుస్తకంలో ప్రతి అభ్యాసానికి మూడు గళ్లు ఉండాలి: నా అంచనా, తెర చూపినది, తేడాకు కారణం. మార్కులు మూడవ గడికి ఇవ్వాలి. మొదటి గడి తప్పినందుకు తగ్గించకూడదు.

ఈ దృష్టితో చూస్తే విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌కూ అనుకరణకూ గల తేడా బోధపడుతుంది. హిసార్‌లోని హర్యానా వ్యవసాయ విశ్వవిద్యాలయం అందించిన ఓపీస్టాట్, కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం రూపొందించిన గ్రేప్స్ వంటివి దేశీయ వ్యవసాయ పరిశోధకులకు ఎంతో ఉపకరిస్తున్నాయి. అవి చేతిలో ఉన్న ఒక దత్తాంశానికి సమాధానం ఇస్తాయి. అనుకరణ ఆ సమాధానం ఎంతవరకు నిలుస్తుందో చూపుతుంది. ఉదాహరణకు, నాలుగు కోతల నుంచే క్రమ విచలనం కట్టి, దానికి 1.96 గుణకం వాడి విశ్వాస అంతరాలు గీస్తే, వెయ్యింటిలో సుమారు 855 మాత్రమే అసలు సగటును కలిగి ఉంటాయి. గాసెట్ చూపిన 3.182 వాడితే 950 వరకు వస్తాయి. విశ్లేషణ సాఫ్ట్‌వేర్ రెండవదానినే నిశ్శబ్దంగా వాడుతుంది. ఎందుకు వాడుతుందో తెలిసేది అనుకరణలోనే.

పరికరాల కొరత ఇందుకు ఆటంకం కాదు. పైన చెప్పిన అభ్యాసాలలో చాలావరకు స్ప్రెడ్‌షీట్‌లోనే చేయవచ్చు. ఆర్ భాష ఉచితంగా లభిస్తుంది. 2012లో వచ్చిన షైనీ అనే ఉపకరణంతో జారుడు మీటలు గల అనుకరణ పుటలను తయారుచేసి విద్యార్థుల ఫోన్లలో తెరిపించవచ్చు. వాటిలో గుర్తులకు బదులు కోత, కిలోలు, ఎగువ, శివారు వంటి తెలుగు మాటలు ఉంటే, అదే పుటను రైతు శిక్షణ తరగతిలోనూ చూపవచ్చు.

ముగింపు

అనుకరణల ద్వారా విద్యార్థి నేర్చుకోవలసినది ఒక అలవాటు. చేతికి వచ్చిన ప్రతి అంకెనూ, వచ్చి ఉండగలిగిన అనేక అంకెలలో ఒకటిగా చూడడమే ఆ అలవాటు. విస్తరణ శాస్త్రవేత్తకు ఇది వృత్తి ధర్మంలో భాగం. కొత్త రకం ఎకరాకు ఇంత ఎక్కువ దిగుబడి ఇస్తుందని చెప్పేటపుడు, ఎన్ని చేలలో చూశారో, ఏ భూములలో చూశారో, చేనుకూ చేనుకూ తేడా ఎంత వచ్చిందో కూడా చెప్పాలి. 'పది చేలలో ఏడింటిలో పెరిగింది, మూడింటిలో పెరగలేదు. శివారు భూములలో ఇంకా చూడలేదు' అన్న మాట రైతుకు తేలికగా అర్థమవుతుంది. ప్రామాణిక దోషం అన్న పదం వాడకుండానే దాని సారాన్ని ఆ మాట అందజేస్తుంది.

ప్రాథమిక గణాంకశాస్త్రపు ప్రాక్టికల్ తరగతులలో రెండింటిని ఈ అభ్యాసాలకు కేటాయించి, చింతపిక్కలతో ప్రారంభించి, తమ ఊరి దిగుబడుల అంకెలతో ఊహాత్మక గ్రామాన్ని నిర్మించే పనిని విద్యార్థులకే అప్పగించవచ్చు. ఆ అభ్యాసం పూర్తిచేసిన విద్యార్థి మరుసటి సార్వాలో పంట కోత ప్రయోగం వద్ద నిలిచినపుడు, నాలుగు మడుల లెక్క గురించి రైతు అడిగే ప్రశ్నకు దాటవేయకుండా సమాధానం చెప్పగలడు: తేలే అవకాశం ఎంతో, తేలకపోయే అవకాశం ఎంతో, మేకులు ఎక్కడ పాతితే ఆ రెండవది తగ్గుతుందో.